నీరసం ఎక్కడ మొదలైందో ముందు చెప్పండి

పోయిన సంచికలో ఎవరికో జవాబిస్తూ 'యాసిడ్ ఫాస్' (ఫాస్ఫారిక్ యాసిడ్‌తో చేసే హోమియో మందు) అని ఓ మాట అనేసి ఊరుకున్నాను. అంతే, విశాఖ చుట్టుపక్కల నుంచి వచ్చిన ఉత్తరాలన్నీ దాని వెంటే పడ్డాయి. అందుకని ఈసారి జలుబులూ మొటిమలూ పక్కన పెట్టి యాసిడ్ మందుల సంగతే చూద్దాం. ముందే ఒకటి చెప్పేస్తున్నాను. నేను హోమియో డాక్టర్ని, నా ప్రాక్టీసంతా ఈ మందులతోనే. అయినా మా పుస్తకం చెప్పేది ఒకటీ సైన్సు తేల్చింది ఇంకొకటీ అయినచోట రెండూ చెబుతాను, మా వాళ్ళు కోపం తెచ్చుకున్నా సరే.

ప్రశ్న: నేను ఎరువుల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాను. సల్ఫ్యూరిక్ యాసిడ్, ఫాస్ఫారిక్ యాసిడ్ మా దగ్గర టన్నుల లెక్కన తయారయ్యేవి. గ్లవ్స్, కళ్ళద్దాలు లేకుండా ఆ వాల్వుల దగ్గరికి వెళ్ళనిచ్చేవారు కాదు. ఇప్పుడు మా కోడలు 'యాసిడ్ సల్ఫ్ 30' అని రాసున్న సీసా తెచ్చి, నాలుగు గుళికలు నాలుక మీద వేసుకోండి మామయ్యా అంటోంది. ఇదేం వైద్యమండీ బాబూ?
— ఓ పాఠకుడు, శ్రీహరిపురం

జవాబు: మీ భయం న్యాయమైందే. మీరు వాల్వు తిప్పి వదిలిన యాసిడ్, ఈ సీసా మీద పేరున్న యాసిడ్ రెండూ ఒకటే, వేరే ఏదో మూలిక కాదు. తేడా అంతా పలచన చేయడంలో ఉంది. ఒక వంతు యాసిడ్‌కి 99 వంతుల నీళ్ళు కలిపి గట్టిగా కుదిపితే ఒకటో పొటెన్సీ, అందులోంచి మళ్ళీ ఒక వంతు తీసి 99 వంతుల్లో కలిపితే రెండోది. యాసిడ్లు స్పిరిట్‌తో పడవు కాబట్టి మొదటి మెట్లు డిస్టిల్డ్ వాటర్‌లోనే చేసి తర్వాత స్పిరిట్‌కి మారతారు. మీ సీసా మీద 30 అని ఉందంటే ఈ పని ముప్ఫై సార్లు చేశారన్నమాట, లెక్క రాస్తే 1 పక్కన 60 సున్నాలు వస్తాయి. మీరు కెమిస్ట్రీ మనిషి కదా, మోల్ లెక్క మీకు తెలిసిందే: 98 గ్రాముల సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో ఉండే అణువులు సుమారుగా 6 పక్కన 23 సున్నాలు. ఆ లెక్కన 12వ పొటెన్సీ దాటేసరికే అసలు యాసిడ్ అణువు ఒక్కటైనా మిగిలి ఉండటం అనుమానం. కాబట్టి నాలుక కాలదు, ఆ బెంగ వదిలేయండి.

కానీ ఇంతవరకూ వచ్చాక మీలాంటి వాళ్ళు వెంటనే అడిగే మాట ఒకటుంది, ఏమీ మిగలని దాంట్లో మందేముందండీ అని. అది మంచి ప్రశ్న. మా వాళ్ళు కుదపడంలో పుట్టే శక్తి అంటారు, ఫిజిక్సూ కెమిస్ట్రీ ఆ మాట ఒప్పుకోవు. 2015లో ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి అప్పటికి అచ్చయిన పరిశోధనల సమీక్షల్ని జల్లెడ పట్టి, ఫలానా జబ్బుకి హోమియో పనిచేస్తుందని నమ్మదగ్గ ఆధారం ఒక్క జబ్బుకీ దొరకలేదని రాసింది. ఆ రిపోర్టు లెక్క కట్టిన పద్ధతి మీద మా వాళ్ళు ఇప్పటికీ గొడవ పడుతూనే ఉన్నారు, అది వేరే సంగతి. మీరు తెలిసే వేసుకోండి, లేదా తెలిసే మానేయండి.

జాగ్రత్త పడాల్సింది వేరే చోట ఉంది. 'మదర్ టింక్చర్' (పొటెన్సీ చేయకముందటి అసలు ద్రావణం) అనీ, 1ఎక్స్, 2ఎక్స్, 3ఎక్స్ (పదోవంతు చొప్పున ఒకటి, రెండు, మూడు సార్లే పలచన చేసినవి) అనీ రాసున్న యాసిడ్ సీసాలు కూడా షాపులో దొరుకుతాయి. వాటిల్లో యాసిడ్ నిజంగానే ఉంటుంది. డ్రాపర్‌తో నేరుగా నోట్లో వేసుకుంటే పళ్ళ ఎనామిల్ తింటుంది, గొంతు మండుతుంది, కడుపులో పుండున్న వాళ్ళకి ఇంకా ఇబ్బంది. నెంబరు చూడకుండా 'యాసిడ్ ఫాస్ ఇవ్వండి' అని అడిగి తెచ్చుకునే వాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఫ్రిజ్ మీద కూడా పెట్టకండి.

ప్రశ్న: టీచరుగా రిటైరయ్యాక కాలక్షేపానికి మెటీరియా మెడికా (హోమియో మందుల లక్షణాల పుస్తకం) చదువుతున్నాను. యాసిడ్ ఫాస్, యాసిడ్ నైట్, యాసిడ్ మూర్, యాసిడ్ సల్ఫ్, యాసిడ్ పిక్రిక్... ఒక్కోటి చదువుతుంటే బాగానే ఉంటుంది, పుస్తకం మూసేసరికి అన్నీ కలిసిపోతున్నాయి. వీటన్నిటికీ కలిపి ఉమ్మడి లక్షణాలేమైనా ఉన్నాయా?
— ఓ పాఠకురాలు, మద్దిలపాలెం

జవాబు: ఉన్నాయి మేడమ్. అన్నిటికంటే ముందు నీరసం. మామూలుగా ఎండలో తిరిగొచ్చి చతికిలబడే నీరసం కాదు, మనిషిలో సారం కారిపోయినట్టుండే నీరసం. ఒక్కో మందుకీ వంద లక్షణాలు రాసున్నా, యాసిడ్ అన్న ఇంటిపేరు కనబడగానే మా పాత డాక్టర్లు మొదట వెతికేది దీన్నే.

దీనికో వరస కూడా చెబుతారు. ముందు చిరాకు, ఆ తర్వాత కుప్పకూలడం. జబ్బు మొదట్లో ఆ మనిషి ముక్కు మీద కోపంతో ఉంటాడు, శబ్దం పడదు, పలకరిస్తే విసుక్కుంటాడు, కొన్నాళ్ళకి ఆ విసుగు కూడా పోయి మంచానికి అతుక్కుపోతాడు. నీరసంతో పాటు మంట, పుల్లటి తేన్పులు, నోట్లోనూ పెదవుల మూలల్లోనూ పుళ్ళు, చిగుళ్ళ నుంచో ముక్కు నుంచో త్వరగా ఆగని రక్తం, చెమటకీ విరేచనానికీ ఘాటు వాసన, ఇవన్నీ కుటుంబ లక్షణాల కింద రాసుకోండి. హోమియో వైద్యం మొదలెట్టిన హానిమన్ మ్యూరియాటిక్, ఫాస్ఫారిక్ యాసిడ్ల లక్షణాలు తన 'మెటీరియా మెడికా ప్యూరా'లోనూ, నైట్రిక్ యాసిడ్‌వి 'క్రానిక్ డిసీజెస్'లోనూ ఇచ్చాడు. మ్యూరియాటిక్ అంటే మరేం కాదు, మన కడుపులో అన్నం అరగడానికి ఊరే హైడ్రోక్లోరిక్ యాసిడ్డే. తర్వాత తరం వాళ్ళు పెరుగులో ఉండే లాక్టిక్, వెనిగర్‌లో ఉండే ఎసిటిక్, చీమ కుడితే మంట పుట్టించే ఫార్మిక్, పాలకూర ఎక్కువ తింటే కిడ్నీ రాళ్ళ డాక్టర్లు కోప్పడే ఆక్జాలిక్, 1867లో లిస్టర్ అనే బ్రిటిష్ సర్జన్ ఆపరేషన్ గాయాలు చీము పట్టకుండా వాడానని రాసిన కార్బాలిక్ దాకా అన్నిటినీ ఈ కుటుంబంలోకి లాక్కొచ్చారు.

ఇక ఇవన్నీ కలిసిపోతున్నాయన్నారు కదా, విడదీయడానికి నేను పేషెంటుని అడిగే మొదటి ప్రశ్న ఒకటే: నీరసం ఎక్కడ మొదలైంది? మనసులోనా, ఒంట్లోనా?

ముందు మనసు చచ్చుబడి, ఆ తర్వాత ఒళ్ళు పడిపోతే పుస్తకం ఫాస్ఫారిక్ యాసిడ్ అంటుంది. బెంగ, ఆప్తులు పోయిన దుఃఖం, ప్రేమ బెడిసికొట్టడం, ఇలాంటి వాటి తర్వాత మనిషి ఏడవడు, అరవడు, ఊరికే అలా ఉండిపోతాడు. ప్రశ్న అడిగితే కాసేపు ఆలోచించి 'ఊఁ' అనో 'ఏమో' అనో ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. జుట్టు రాలుతుంది, త్వరత్వరగా పొడుగెదిగే పిల్లల్లో ఒళ్ళు నొప్పులుంటాయి, రాత్రిళ్ళు మూత్రానికి లేస్తారు, పళ్ళరసాల్లాంటివి కావాలంటారు, ఓ కునుకు తీస్తే తేరుకుంటారు. నొప్పి లేకుండా నీళ్ళ విరేచనాలవుతాయి, చిత్రమేమిటంటే అన్ని విరేచనాలైనా దాని వల్ల పెద్దగా నీరసించరు అని రాసుంటుంది. పుస్తకంలో ఉందని దీన్ని మాత్రం ఇంట్లో ప్రయోగం చేయకండి, నీళ్ళ విరేచనాలకి ఓఆర్ఎస్ తప్ప ఇంకో మొదటి మందు లేదు, చిన్నపిల్లలకైతే జింకు కూడా ఇప్పిస్తారు.

ముందు ఒళ్ళు పడిపోయి, ఆ తర్వాత మనసు మసకబారితే మ్యూరియాటిక్ యాసిడ్. యాంటీబయాటిక్స్ రాకముందు టైఫాయిడ్ వార్డుల్లో చూసి రాసిన బొమ్మ ఇది. తలగడ మీద తల పెట్టి పడుకోబెట్టి పది నిమిషాలాగి వస్తే మనిషి మంచం కిందివైపుకి జారిపోయి ఉంటాడు, మళ్ళీ పైకి లాగితే మళ్ళీ జారతాడు, కింది దవడ వేలాడుతుంది, నాలుక తోలు ముక్కలా ఎండిపోతుంది. చదవడానికి బాగుంటుంది కానీ ఈ రోజుల్లో అలాంటి పేషెంటు కనబడితే నేను మందుల పెట్టె తెరవను, 108కి ఫోన్ చేస్తాను.

బుర్రతో పనిచేయలేని నీరసం పిక్రిక్ యాసిడ్‌ది. రెండు పేజీలు చదివితే తల బరువెక్కి, వెన్నుపూస పొడుగునా మంట, కాళ్ళు సీసం పోసినట్టు. పరీక్షల రోజుల్లో ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ల చుట్టూ ఈ మందు పేరు ఎక్కువ వినబడుతుంది. అసలు పిక్రిక్ యాసిడ్‌ని ఒకప్పుడు ఫిరంగి గుండ్లలో పేలుడు పదార్థంగా కూరేవారని ఆ పిల్లలకి తెలిస్తే ఏమంటారో!

సల్ఫ్యూరిక్ యాసిడ్ మనిషికి నీరసంతో పాటు తొందర. అన్నం తొందర, స్నానం తొందర, ఎదుటివాళ్ళు ఆ స్పీడులో చేయకపోతే మంట. లోపల వణుకుతున్నట్టుంటుందంటారు, చెయ్యి చాపి చూస్తే పైకి వణుకు కనబడదు. పళ్ళు జివ్వుమనే పుల్లటి వాంతి, ముట్లాగే వయసులో ఒంట్లోంచి ఆవిర్లు, కాస్త తగిలినా నల్లగా కమిలిపోవడం, ఏళ్ళ తరబడి తాగుడు అలవాటు. నైట్రిక్ యాసిడ్ సంగతి ఇంకో ఉత్తరంలో ఎలాగూ వస్తోంది. ఫ్లోరిక్ ఒక్కటి మాత్రం కుటుంబానికి ఎదురు తిరిగిన మనిషి, అలసట లేకుండా తెగ తిరుగుతాడు, వేడి పడదు, చన్నీళ్ళు కావాలి. ఉబ్బిన కాలి నరాలు, ఎముక జబ్బులు దాని రంగం. ఉమ్మడి లక్షణం బట్టీపట్టి కూర్చుంటే ఇది దొరకదు.

మిగతా యాసిడ్లని ఇప్పుడే నెత్తిన వేసుకోకండి. ఈ అయిదూ ఆరూ స్థిరపడ్డాక అవి వాటంతట అవే వస్తాయి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ సెకండియర్. వాళ్ళ తాతగారు పోయినప్పట్నుంచి అదోలా ఉంటున్నాడు. తిండి తగ్గించాడు, పుస్తకం ముందు కూర్చుంటాడు గానీ పేజీ తిరగదు. ఫ్రెండ్స్ వచ్చినా గదిలోంచి రాడు. పక్కింటి పిన్నిగారు యాసిడ్ ఫాస్ 200 ఇచ్చారు. మూడు వారాలైంది, వేస్తూనే ఉన్నాను. పొటెన్సీ పెంచమంటారా? చాలా టెన్షన్‌గా ఉంది.
— ఓ తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, పొటెన్సీ సంగతి తర్వాత. పిన్నిగారు పుస్తకం ప్రకారం తప్పు మందేమీ ఇవ్వలేదు, పైన మద్దిలపాలెం మేడమ్‌కి నేను గీసిన బొమ్మకీ మీ అబ్బాయికీ పోలికలున్నాయి. నా భయం కూడా అక్కడే. ఇంత చక్కగా సరిపోయే మందు చేతిలో ఉంటే ఇంట్లో వాళ్ళు అసలు విషయం వెతకడం మానేస్తారు.

రెండు వారాలు దాటి మనిషి దేనిమీదా ఆసక్తి లేకుండా, తిండీ నిద్రా చెడి, చదువు ముందుకి కదలకుండా ఉంటే దాన్ని డాక్టర్లు డిప్రెషన్ అయి ఉండొచ్చని చూస్తారు. అది గుళికలతో గడిపేసే సంగతి కాదు. ముందు మీరే వాడి పక్కన కూర్చుని, తాతగారి మాట ఎత్తి, 'బతకాలని లేదు' లాంటి ఆలోచనలు వస్తున్నాయా నాన్నా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది అనుకుంటారు, అలా పుట్టదు, అడిగితే పిల్లలు చెప్పుకుంటారు. అవునన్నా, మీకు అనుమానంగా ఉన్నా ఆ రోజే కదలండి, వాణ్ణి ఒంటరిగా వదలకండి. కేంద్ర ప్రభుత్వం వాళ్ళ టెలీ మానస్ నెంబరు 14416, ఏ టైములోనైనా డబ్బుల్లేకుండా తెలుగులోనే మాట్లాడొచ్చు. మన చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల పేరెత్తితే ఊళ్ళో జోకులేస్తారు, ఆ జోకులకి భయపడి ఆలస్యం చేసిన కుటుంబాలు ఎన్నో. మీరు ఆ జాబితాలో చేరొద్దు.

దాంతో పాటు ఓ రక్త పరీక్ష. హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్, బి12. పదిహేనేళ్ళు దాటిన మగపిల్లలకి హిమోగ్లోబిన్ 13 కంటే తక్కువుంటే రక్తహీనత అంటారు. హాస్టల్ మెస్సో, బయట నూడుల్సో తిని ఎదుగుతున్న పిల్లల్లో ఇది అరుదేమీ కాదు, నీరసానికీ మందకొడితనానికీ అదొక్కటే చాలు. రెండు వారాలకి పైగా దగ్గుంటే, లేదా సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడుతుంటే టీబీ పరీక్ష కూడా చేయించండి, ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితమే. పిన్నిగారి గుళికలు మానాలా అంటే, మానినా మానకపోయినా ఫరవాలేదు. ఈ వారం డాక్టరు దగ్గరికి వెళ్ళడం మాత్రం మానకండి.

ప్రశ్న: విరేచనానికి వెళ్ళినప్పుడు గాజుపెంకులు దిగినట్టు నొప్పి, ఆ తర్వాత రెండు మూడు గంటలు కూర్చోలేను. కొంచెం రక్తం కూడా పడుతోంది. నైట్రిక్ యాసిడ్ వాడాలా, మ్యూరియాటిక్ వాడాలా? వయసు 52, డ్రైవర్ని.
— గోపాలపట్నం పాఠకుడు

జవాబు: మీరు 'గాజుపెంకులు' అనడంతోనే మా వాళ్ళ చెయ్యి నైట్రిక్ యాసిడ్ సీసా మీదికి పోతుంది. పుల్ల గుచ్చుకున్నట్టు, పెంకు దిగినట్టు నొప్పి దాని సంతకం. చర్మమూ లోపలి పొరా కలిసే చోట్లు, అంటే పెదవుల మూలలు, ముక్కు రంధ్రాల అంచులు, మలద్వారం, అక్కడ చీలికలు. చలికి తట్టుకోలేడు, కొవ్వూ ఉప్పూ ఇష్టం, ఒకసారి పగబడితే సారీ చెప్పినా కరగడు. బండెక్కి ప్రయాణం చేస్తుంటే హాయిగా ఉంటుందని కూడా రాశారు, డ్రైవరుగా మీరు దానికి ఒప్పుకుంటారో లేదో నాకు తెలియాలి! మ్యూరియాటిక్‌లో చీలిక కంటే మొలలు ముఖ్యం. నీలంగా ఉబ్బి, లుంగీ అంచు తగిలినా ప్రాణం లేచిపోతుందంటారు.

పుస్తకం మాట అంతవరకూ. ఇప్పుడు మీ వయసు మాట. 52 ఏళ్ళకి మలంలో రక్తం అంటే ఫిషరో (మలద్వారం దగ్గర చీలిక) మొలలో అని ఫోన్‌లో తేల్చే డాక్టరుని నమ్మకండి, నేనైనా సరే. కేజీహెచ్ (విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి) సర్జరీ ఓపీకి వెళ్ళి వేలితో పరీక్ష చేయించుకోండి, అవసరమంటే కొలొనోస్కోపీ కూడా. పెద్దపేగు కేన్సర్ మొదట్లో ఇలాగే మొలల వేషం వేసుకొస్తుంది. బరువు తగ్గుతున్నా, విరేచనం అలవాటు మారినా, రక్తం నల్లగా ఉన్నా అసలు ఆగొద్దు.

అది కాదని తేలిందనుకోండి, అప్పుడు సగం వైద్యం మీ సీటు కిందే ఉంది. గోపాలపట్నం నుంచి పోర్టు రోడ్డు దాకా ట్రాఫిక్‌లో మూత్రం వస్తుందని నీళ్ళు తాగకుండా బండి నడిపే వాళ్ళని చాలామందిని చూస్తుంటాను, ఫిషర్‌కి అంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు. సీసా దగ్గర పెట్టుకుని గుక్కగుక్కగా తాగండి. పొద్దున్నే పరోటా బదులు చోడంబలి (రాగి అంబలి), మధ్యాహ్నం తోటకూరో బచ్చలో. విరేచనం అయ్యాక గోరువెచ్చని నీళ్ళ టబ్బులో పది పదిహేను నిమిషాలు కూర్చుంటే బిగుసుకున్న కండరం వదులవుతుంది, ఆ మూడు గంటల బాధ చాలావరకు దిగుతుంది. ముక్కకండి, ఫోన్ పట్టుకుని లెట్రిన్‌లో కూర్చోకండి.

ప్రశ్న: షుగరుకి యాసిడ్ ఫాస్, యాసిడ్ లాక్టిక్ మంచివని చదివాను. వాడితే ఇంగ్లీషు మందులు మానేయొచ్చా? పైగా అవి పంచదార గుళికలు కదా?
— ఓ పాఠకుడు, పెందుర్తి

జవాబు: రెండో దానికి ముందు చెబుతాను. రోజుకి నాలుగో ఎనిమిదో గుళికల్లో ఉండే పంచదార చాలా కొంచెం, మీ రీడింగ్ దానికి మారదు. భయమైతే నీళ్ళలో చుక్కలుగా అడగండి, అందులో స్పిరిట్ ఉంటుందని మాత్రం తెలుసుకోండి.

మొదటి దానికి జవాబు వద్దు అని. మాటిమాటికీ మూత్రం, దాహం, నీరసం ఉన్నాయి కాబట్టి పాతకాలపు పుస్తకాల్లో ఈ మందులు షుగరు కింద చేరాయి. ఇన్సులిన్ కనిపెట్టింది 1921లో, అంతకుముందు షుగరు పేషెంటుకి చేయగలిగింది పెద్దగా ఏమీ లేదు, ఎవరికి తోచింది వాళ్ళు రాశారు. ఇప్పుడు షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ మానేసి గుళికలు వేసుకుంటే నెల రోజులు బాగానే ఉన్నట్టుంటుంది, లోపల కళ్ళూ కిడ్నీలూ లెక్క రాసుకుంటూ ఉంటాయి. షుగరు పూర్తిగా నయం చేస్తామని బోర్డు పెట్టిన క్లినిక్కు ఏ వైద్యానిదైనా, చివరికి హోమియోదైనా, మెట్లెక్కకండి. అలాంటి ప్రకటన ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్త పరీక్ష) చేయించుకోండి, ఏ మందు వాడినా ఆ కాగితం చూశాకే దాని గురించి మాట్లాడదాం.